49, 41, 8, 2: ఫాంటానా ప్రమాదంలో బాధ్యత ఎవరెవరిది

2005 జూన్ 2న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫాంటానాలో, అప్పట్లో కాలిఫోర్నియా స్పీడ్‌వే అని పిలిచే రేస్ ట్రాక్ మీద, ఫెరారీ ఓనర్స్ క్లబ్ ట్రాక్ డే జరుగుతుండగా ఒక పోర్షే కరేరా జీటీ అదుపు తప్పి కాంక్రీటు గోడను ఢీకొంది. కారు నడుపుతున్న యజమానీ, ఆయన పక్క సీట్లో కూర్చున్న ప్రయాణికుడూ ఇద్దరూ చనిపోయారు. అది పందెం కాదు. అందులో బహుమతి లేదు, గెలుపోటములు లేవు. మామూలు రోడ్డు మీద నడపకూడని వేగంతో తమ కార్లను నడుపుకోవడానికి ఒక క్లబ్బు సభ్యులు ట్రాక్‌ను అద్దెకు తీసుకున్న రోజు అది.

ప్రయాణికుడి భార్య వేసిన దావా విచారణ దాకా పోకుండా రాజీతో ముగిసింది. సుమారు 45 లక్షల డాలర్ల పరిహారంలో డ్రైవరు ఎస్టేటు (ఆయన వదిలి వెళ్లిన ఆస్తి) 49 శాతం, ట్రాక్ యాజమాన్యమూ క్లబ్బూ కలిసి 41 శాతం, పోర్షే కంపెనీ 8 శాతం, ఆ సమయంలో ట్రాక్ మీదికి వచ్చిన ఒక ఫెరారీ డ్రైవరు 2 శాతం భరించారు. రాజీ పడినంత మాత్రాన ఎవరూ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఆ శాతాలు న్యాయస్థానం నిర్ధారించినవి కావు, లాయర్లూ బీమా కంపెనీలూ బేరమాడుకుని తేల్చుకున్నవి. అయినా ఔత్సాహికుల ట్రాక్ డేలలో భద్రత గురించి మాట్లాడేవారికి ఈ నాలుగు అంకెలంత ఉపయోగపడే కేసు నాకు మరొకటి కనబడలేదు.

నేను ఉత్తర కాలిఫోర్నియాలో ఒక కార్ల క్లబ్బులో పదకొండేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. మొదట కొత్తవారి పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌గా, తరువాత ఉదయం పూట కార్లను తనిఖీ చేసే మనిషిగా పనిచేశాను. గత నాలుగేళ్లుగా భద్రత బాధ్యత నాది. జీతమిచ్చే ఉద్యోగం వేరే ఉంది. ఇక్కడ ఎవరికీ జీతం లేదు. ఫాంటానా కేసును మా క్లబ్బులో ప్రతి ఏడూ సీజను మొదలయ్యే ముందు ఇన్‌స్ట్రక్టర్లకు వివరిస్తాను. ఈ వ్యాసం ఆ వివరణకు పూర్తి రూపం. దానితో పాటు మా సొంత ట్రాక్ డేలో నా సంతకం కిందనే జరిగిన ఒక పొరపాటును, ఆ తరువాత మేము మార్చుకున్న పద్ధతులను కూడా రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది

ఫాంటానా లాస్ ఏంజెలిస్‌కు తూర్పున ఉంది. ఒకప్పటి కైజర్ స్టీల్ కర్మాగారం స్థలంలో కట్టిన ఆ ట్రాక్ 1997లో మొదలైంది. రెండు మైళ్ల ఓవల్ (గుడ్డు ఆకారపు చుట్టు) దాని అసలు రూపం. లోపలి మైదానంలోని మలుపులను ఓవల్‌లో కొంత భాగంతో కలిపి రోడ్ కోర్సుగా కూడా వాడేవారు. మాలాంటి క్లబ్బులు అద్దెకు తీసుకునేవి ఆ రోడ్ కోర్సునే. అటువంటి చోట ప్రధాన స్ట్రెయిట్ (వంపు లేని పొడవైన భాగం) మీద కార్లు అందుకునే వేగం మామూలు రోడ్ కోర్సుల కన్నా ఎక్కువ.

కరేరా జీటీ ఆ స్ట్రెయిట్ మీద పూర్తి వేగంతో వస్తున్న సమయంలో, పిట్ నుంచి, అంటే కార్లు ఆగి ఉండే చోటు నుంచి, ఒక ఫెరారీ ట్రాక్ మీదికి వచ్చింది. దాన్ని పంపింది పిట్ అవుట్ (పిట్ నుంచి ట్రాక్ మీదికి వచ్చే దారి) దగ్గర నిలబడిన ఫ్లాగ్ మనిషి, అంటే జెండాలతో సంకేతాలిచ్చేవాడు. ఫెరారీ ఇంకా వేగం అందుకోలేదు. కరేరా జీటీ డ్రైవరు దాన్ని తప్పించబోయాడు, కారు వెనుక భాగం పట్టు తప్పింది, కారు ట్రాక్ దాటి పోయి గోడకు తగిలింది. ఆ గోడ ఉన్న చోటు మీదే దావాలో పెద్ద ఆరోపణ వచ్చింది: పిల్లల ఆటస్థలం కోసం గోడను ట్రాక్‌కు దగ్గరగా జరిపారని, అందువల్ల అదుపు తప్పిన కారుకు నెమ్మదించే చోటు తగ్గిపోయిందని.

కారు గురించి కూడా చెప్పాలి. కరేరా జీటీలో 5.7 లీటర్ల వీ10 ఇంజిను, 600కు పైగా హార్స్‌పవరు, ఆరు గేర్ల మాన్యువల్ గేరుబాక్సు ఉంటాయి. కారు జారినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ అందులో లేదు. ఆ లోపాన్ని డిజైన్ దోషంగా చూపి వాది పోర్షేను కేసులోకి తెచ్చింది. ఆ కారు నడతలో తేడా ఉందని డ్రైవరుకు ముందే తెలుసని, ఆ సంగతి పక్కన కూర్చోబోయే మనిషికి చెప్పలేదని డ్రైవరు ఎస్టేటు మీద ఆరోపణ.

ఫ్లాగ్ మనిషి తన ముందున్న కారును పంపాడు. ఫెరారీ డ్రైవరు పొమ్మన్నారు కాబట్టి పోయాడు. గోడను జరిపినవాళ్లు, ఆరోపణ ప్రకారం, పిల్లల ఆటస్థలం కోసం జరిపారు. కంపెనీ తన కొనుగోలుదారులు కోరుకునే కారును అమ్మింది. యజమాని తన కారు మీద ఇష్టంతో ఒక మనిషిని ఎక్కించుకున్నాడు. విడివిడిగా చూస్తే ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ ఒకే సెకనులో ఒకే చోట కలిశాయి.

ఆ సెకను ఎంత చిన్నదో లెక్క వేసి చూపడం మా శిక్షణలో మొదటి పని. ఇవి ఫాంటానా కొలతలు కావు, అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. స్ట్రెయిట్ మీద వస్తున్న కారు గంటకు 130 మైళ్ల వేగంతో ఉందనుకుందాం. అంటే సెకనుకు 58 మీటర్లు. పిట్ నుంచి వచ్చిన కారు 60 మైళ్లతో, అంటే సెకనుకు 27 మీటర్లతో ఉంది. రెండింటి మధ్య దూరం సెకనుకు 31 మీటర్ల చొప్పున తగ్గుతుంది. వెనుక డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఒకటిన్నర సెకను పోతుంది, 47 మీటర్లు హరించుకుపోతాయి. పొడి తారు మీద మంచి టైర్లతో ఒక జీ బలంతో, అంటే భూమ్యాకర్షణకు సమానమైన బలంతో, బ్రేకు పట్టినా ముందు కారు వేగానికి దిగివచ్చేలోగా ఇంకో 50 మీటర్లు పోతాయి. మొత్తం 97. పిట్ అవుట్ దగ్గరి మనిషి చూపుకు "బోలెడంత దూరం" అనిపించే 100 మీటర్ల ఎడం, నిజానికి మూడు మీటర్లు. ఈ లెక్కను బోర్డు మీద వేసినప్పుడు ఏళ్ల తరబడి పిట్ అవుట్‌లో నిలబడిన పాతవాళ్లు కూడా ఒక్క నిమిషం మాట్లాడరు.

అంకెల వెనుక

కాలిఫోర్నియా చట్టం ప్రకారం చూస్తే బాధ్యతను వాటాలు వేయడం సహజమే. ఆ రాష్ట్రంలో 1975 నుంచి నష్టాన్ని పక్షాల తప్పు మేరకు పంచే పద్ధతి నడుస్తోంది. 1986లో ఓటర్లు ఆమోదించిన 51వ ప్రతిపాదన దానికి ఒక హద్దు పెట్టింది: బాధ, వేదన, తోడు కోల్పోవడం వంటి డబ్బుతో కొలవలేని నష్టానికి ప్రతివాదులు ఎవరి వాటా మేరకు వారే బాధ్యులు, వైద్య ఖర్చు, పోయిన ఆదాయం వంటి నష్టానికి మాత్రం ఉమ్మడిగా బాధ్యులు. సంపాదనపరుడైన మనిషి చనిపోయిన కేసులో రెండో భాగమే పెద్దది కావచ్చు. అప్పుడు రెండు శాతం వాటా ఉన్న డ్రైవరు కూడా తన వాటా చిన్నదని నిశ్చింతగా ఉండలేడు, ఎందుకంటే మిగతావారు చెల్లించలేని మొత్తం అతని మీద పడవచ్చు.

మా సభ్యులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న వేవర్ గురించి. ఉదయం గేటు దగ్గర సంతకం పెట్టించుకునే ఆ కాగితంలో, ప్రమాదం తెలిసే వచ్చానని, ఏం జరిగినా ట్రాక్ మీదా క్లబ్బు మీదా దావా వేయనని రాసి ఉంటుంది. ఫాంటానాలోనూ అటువంటి కాగితం ఉంది. అయినా ప్రతివాదులు డబ్బు చెల్లించారు. ప్రయాణికుడు సంతకం పెట్టేటప్పుడు ఆయనకు తెలియాల్సిన సంగతులు తెలియవని, నిర్వాహకుల నిర్లక్ష్యం మామూలు నిర్లక్ష్యం కాదని వాది వాదించింది. 2007లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు శాంటా బార్బరా నగరానికి సంబంధించిన వేరే కేసులో, వేసవి శిబిరం ఈతకొలనులో మునిగి చనిపోయిన ఒక బాలిక విషయంలో, ఘోర నిర్లక్ష్యం నుంచి ముందుగానే విముక్తి ఇచ్చే ఒప్పందం సాధారణంగా చెల్లదని తేల్చింది. 1992లో అదే కోర్టు మరో కేసులో, ఆటలో సహజంగా ఉండే ప్రమాదాన్ని ఆడేవారు స్వీకరించినట్టేనని, అయితే తోటి ఆటగాళ్లు బరితెగించి ప్రవర్తించకూడదని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ కలిపి నేను సభ్యులకు చెప్పేది ఇది: కారు జారడం ఆటలోని ప్రమాదమే, దానికి నువ్వు సంతకం పెట్టావు. వేగంగా వస్తున్న కారు ముందుకు ఇంకో కారును పంపడం ఆటలో భాగం కాదు, దానికి ఎవరూ సంతకం పెట్టలేదు.

ఆ నాలుగు అంకెల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 49 కాదు, 41. ట్రాక్‌కూ క్లబ్బుకూ కలిపి ఒకే అంకె. ఈ పనిలో ఉన్నవారికి ఆ కలయిక తెలిసినదే. ట్రాక్‌కూ మాకూ మధ్య అద్దె ఒప్పందం ఉంటుంది. అంబులెన్స్ ట్రాక్ పెడుతుంది, ఫ్లాగ్ మనుషులను కొన్నిచోట్ల ట్రాక్, కొన్నిచోట్ల క్లబ్బు పెడుతుంది. డ్రైవర్ల సమావేశం క్లబ్బుది. గోడలూ కంచెలూ ట్రాక్‌వి. కాగితం మీద గీత స్పష్టంగా ఉంటుంది. కానీ పిట్ అవుట్ దగ్గర ఉన్న గోడ వల్ల దూరంగా వచ్చే కార్లు ఫ్లాగ్ మనిషికి కనబడకపోతే, అది గోడ సమస్యా, మనిషి సమస్యా? ట్రాక్ మేనేజరు తన మనిషి కాదు కాబట్టి మాట్లాడడు. క్లబ్బు పెద్ద తన గోడ కాదు కాబట్టి మాట్లాడడు. ఇద్దరూ ఎదుటివాడు చూసుకుంటాడని నమ్ముతారు, ఆ నమ్మకంలో మర్యాద కూడా ఉంటుంది. ప్రమాదాలు ఆ మర్యాద ఉన్నచోట దాక్కుంటాయని నా అనుభవం.

నా సంతకం కింద జరిగినది

ఇది ఐదేళ్ల క్రితం మా క్లబ్బు ట్రాక్ డేలో జరిగింది. అప్పుడు ఉదయం తనిఖీ నాది. మా నియమం ప్రకారం ప్రతి కారునూ ముందుగా ఏదైనా మెకానిక్ షాపులో చూపించి, ఒక ఫారం నింపించి తేవాలి. చక్రాల నట్ల బిగింపు, బ్రేక్ ప్యాడ్ల మందం, బ్యాటరీ బిగింపు, బెల్టులు, టైర్ల స్థితి, బ్రేక్ ఆయిల్ ఆ ఫారంలో ఉంటాయి. ట్రాక్ దగ్గర మేము ఫారం చూసి, కారులో వదులుగా ఉన్న సామాను తీయించి, నట్లను బిగింపు కొలిచే టార్క్ రెంచితో ఒకసారి సరిచూసి, స్టిక్కరు అంటిస్తాము.

ఆ రోజు విజయవాడ నుంచి వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడు కొత్తగా కొన్న కారుతో మొదటిసారి వచ్చాడు. నిజానికి అది సెకండ్‌హ్యాండ్ కారు, అతనికి కొత్త. ఫారంలో అన్నిటికీ టిక్కులు ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పే గడి ఖాళీగా ఉంది, పక్కన టిక్కు మాత్రం ఉంది. నేను అడిగాను.

"ఆయిల్ ఎప్పుడు మార్చారు తమ్ముడూ?"

"షాపువాళ్లు చూశారన్నా. అంతా బాగుందన్నారు."

నేను స్టిక్కరు అంటించాను. నా వెనుక ఇంకో ఇరవై కార్లు వరుసలో ఉన్నాయి, ఎనిమిదిన్నరకు మొదటి సెషను. ఆ వరుస నాకు సాకు కాదు. మూత తీసి చూడటానికి అర నిమిషం చాలు.

మూడో సెషనులో, పొడవైన స్ట్రెయిట్ చివర, అతని బ్రేక్ పెడల్ నేలకు తగిలింది. పక్కన ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అరవై దాటిన అనుభవజ్ఞుడు. పెడల్‌ను పంపులా కొట్టమని, గేర్లు తగ్గించమని, మలుపు తిప్పే ప్రయత్నం మానేసి నేరుగా గడ్డిలోకి పొమ్మని మూడు మాటల్లో చెప్పాడు. ఆ మలుపు దగ్గర వెడల్పాటి రన్-ఆఫ్, అంటే అదుపు తప్పిన కారు నెమ్మదించే ఖాళీ చోటు, ఉంది. కారు రెండు వందల అడుగులు గడ్డిలో దూసుకుపోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మలుపు చివర గోడ ఉంటే నేను ఈ రోజు ఈ వ్యాసం రాస్తూ ఉండేవాణ్ని కాదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ట్రాక్ మీద వరుసగా గట్టిగా బ్రేకు పట్టినప్పుడు వేడి ఆ హద్దును సులభంగా దాటుతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ తొక్కితే బ్రేకుకు బలం చేరకుండా బుడగ నలిగిపోతుంది. తరువాత ఆ కారు మూత తీసి చూశాను. ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది.

ఎవరి తప్పు? షాపువాళ్లు రోడ్డు మీద తిరిగే కారును చూసినట్టే చూశారు. ఆయిల్ మట్టం సరిపోను ఉంది, వాళ్ల దృష్టిలో అది "బాగుంది". కుర్రాడు షాపును నమ్మాడు. నేను ఫారాన్ని నమ్మాను. ఇన్‌స్ట్రక్టర్ నా స్టిక్కరును నమ్మి తన ప్రాణాన్ని ఆ సీట్లో పెట్టాడు. కాగితం మీద మూడు సంతకాలు ఉన్నాయి, ఆ ఆయిల్‌ను కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకరి మీద ఒకరు ఆనుకున్న సంతకాలు ఎన్ని ఉన్నా మొత్తం తనిఖీ సున్నాయే. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఫాంటానా కేసు వివరాలు మళ్లీ చదివాను. అంతకు ముందు దాన్ని ఖరీదైన కార్ల కథగా చదివాను. ఆ రాత్రి నా సంతకం ఆ నాలుగు అంకెల్లో ఏ అంకె కిందికి వస్తుందో వెతుక్కుంటూ చదివాను.

మేము మార్చినవి

మొదట తనిఖీ. ఇప్పుడు మూత తీసేది మేమే, చూసేది మేమే. బ్రేక్ ఆయిల్ మార్చిన రసీదు మీద తేదీ ఆరు నెలల లోపు లేకపోతే కారు ట్రాక్ ఎక్కదు. ఒక్కో కారుకు పట్టే సమయం రెట్టింపు అయింది కాబట్టి తనిఖీని ముందు రోజు సాయంత్రానికి మార్చాము. దూరం నుంచి వచ్చేవాళ్లు ఇప్పటికీ గొణుగుతారు. తనిఖీ చేసినవాడి పేరును స్టిక్కరు మీదనే పెద్ద అక్షరాలతో రాస్తాము, ఇన్‌స్ట్రక్టర్ కారెక్కే ముందు ఆ మనిషిని వెతికి ఏమైనా అడగవచ్చు.

రెండోది పక్క సీటు. ఫాంటానాలో చనిపోయిన ప్రయాణికుడు తన చేతిలో స్టీరింగు లేని మనిషి. ఆయనకు ఆ కారు గురించి తెలుసుకునే అవకాశం ఒక్కటే, డ్రైవరు చెప్పడం. మా దగ్గర ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్లు తప్ప ఎవరూ అతిథులను ఎక్కించుకోకూడదు. ఇన్‌స్ట్రక్టర్ ఒక అతిథిని ఎక్కించుకోవాలన్నా ముందు మూడో మనిషి ఎదుట మూడు సంగతులు చెప్పాలి: ఈ కారులో ఇటీవల ఏ మరమ్మతు జరిగింది, నడిపేటప్పుడు ఏదైనా తేడా అనిపించిందా, స్టెబిలిటీ కంట్రోల్ ఉందా, ఉంటే ఆన్‌లో ఉంటుందా. ఇది మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఒక పాత ఇన్‌స్ట్రక్టర్ ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ, తన కారు కుడివైపు లాగుతోందని తనంతట తానే ఒప్పుకుని ఆ రోజు అతిథులను ఎక్కించుకోవడం మానేశాడు. బయటికి చెప్పేవరకూ ఆ సంగతి ఆయనకే పెద్దదిగా అనిపించలేదు.

మూడోది గోడలు. సీజనులో ఒక ట్రాక్‌కు మొదటిసారి వెళ్లిన రోజు, కార్లు దిగకముందే ట్రాక్ మేనేజరుతో కలిసి నేను కాలినడకన ఒక చుట్టు తిరుగుతాను. గత ఏడాదికీ ఇప్పటికీ ఏం మారిందన్నదే ఆ నడకలో చూసేది. కొత్త ప్రకటన బోర్డు, జరిపిన టైర్ల కట్ట, ఎండిపోయి గట్టిపడ్డ రన్-ఆఫ్, సగం తీసిన కంచె, ఇలా మారిన ప్రతిదాన్నీ ఇద్దరం సంతకం పెట్టిన ఒక పేజీలో రాస్తాము. అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమని కోరాము: ఆ పేజీలో రాసిన ఏదైనా సరిచేయకపోతే డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకుని క్లబ్బు వెనుదిరగవచ్చు. ఒక ట్రాక్ ఒప్పుకోలేదు, అక్కడికి మేము వెళ్లడం మానేశాము. అది మా సభ్యులకు ఇష్టమైన ట్రాక్. ఆ నిర్ణయం మీద క్లబ్బులో రెండు సమావేశాలు గడిచాయి, కొందరు సభ్యులు విడిచి వెళ్లారు. నాకు బాధ ఉంది, అయినా ఆ నిర్ణయం మారదు.

నాలుగోది పిట్ అవుట్, అన్నిటికన్నా కష్టమైనది. ముందు అక్కడ ఒక్క మనిషి ఉండేవాడు. అతనే వరుసలోని కార్ల చేతిపట్టీలు చూడాలి, హెల్మెట్ పట్టీ బిగించుకున్నారో లేదో చూడాలి, కిటికీ అద్దం దించుకున్నారో లేదో చూడాలి, ట్రాక్ వైపు చూడాలి, పొమ్మని చెయ్యి ఊపాలి. ఇప్పుడు ఇద్దరు. ఒకరి ముఖం ఎప్పుడూ ట్రాక్ వైపే, కార్ల వైపు వీపు. రెండోవారు కారు ముందు చెయ్యి అడ్డంగా పెట్టి నిలబడతారు, మొదటివారు గట్టిగా మాటతో చెబితేనే చెయ్యి తీస్తారు. మొదటివారికి రేడియోలో చివరి మలుపు దగ్గరి ఫ్లాగ్ పోస్టుతో నేరుగా మాట కలుస్తుంది. ఆ పోస్టు నుంచి జవాబు రాకపోతే కారు కదలదు. ట్రాక్ మీదికి వచ్చిన కారు మొదటి మలుపు దాటేవరకు గీసిన గీతకు లోపలే ఉండాలి. గీత దాటినవారిని నల్ల జెండాతో పిలిచి ఆ సెషనుకు పక్కన పెడతాము, ఎంత అనుభవం ఉన్నవారైనా సరే.

పొమ్మన్నంత మాత్రాన పోవాలన్న నియమం లేదని డ్రైవర్ల సమావేశంలో ప్రతిసారీ చెబుతాము. చెయ్యి ఊపాక కూడా అద్దంలో చూసుకోవడం, తలతిప్పి చూసుకోవడం, అనుమానం వస్తే కదలకుండా ఉండటం డ్రైవరు హక్కూ, డ్రైవరు పనీ. ఫెరారీ డ్రైవరు స్థానంలో నన్ను నేను చాలాసార్లు ఊహించుకున్నాను. యూనిఫాం వేసుకున్న మనిషి పొమ్మంటే నేను కూడా పోయేవాణ్నే. అందుకే ఈ ఒక్క మాటను ఇన్నిసార్లు చెప్పవలసి వస్తోంది.

రాయాలా, వద్దా

ఇప్పటికీ వాదన తెగని విషయం ఒకటి ఉంది. ప్రమాదం జరగబోయి తప్పిన ప్రతి సందర్భాన్నీ పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి పెట్టెలో వేయమని మా సభ్యులను కోరాను. ఒక లాయరు సభ్యుడు దానికి అభ్యంతరం చెప్పాడు, ఆయన అభ్యంతరంలో బలం ఉంది. ఒక లోపం మీకు తెలుసని రాతపూర్వకంగా ఉండి, మీరు దాన్ని సరిచేయకముందే ప్రమాదం జరిగితే, ఆ కాగితమే ఘోర నిర్లక్ష్యానికి సాక్ష్యం అవుతుందని ఆయన మాట. తెలియకపోతే మామూలు నిర్లక్ష్యం, తెలిసి ఊరుకుంటే ఘోర నిర్లక్ష్యం, వేవర్ కాపాడేది మొదటిదాని నుంచే. కాబట్టి రాయకపోవడమే క్లబ్బుకు క్షేమం అన్నాడు.

నేను ఆయన మాటను తోసిపుచ్చలేదు. కానీ రాయకపోతే తెలియకపోవడం జరగదు, తెలిసినవాడు ఒక్కడిలో ఆ సంగతి ఆగిపోవడం జరుగుతుంది. మా బ్రేక్ ఆయిల్ సంఘటనకు ముందు ఏడాది ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లకు వేర్వేరు కార్లలో పెడల్ మెత్తబడిన అనుభవం ఉందని తరువాత మాటల్లో బయటపడింది. ఇద్దరూ భోజనాల దగ్గర చెప్పుకున్నారు, తనిఖీ మనిషినైన నాకు ఆ మాట చేరలేదు. చేరి ఉంటే ఆ ఉదయం ఖాళీ గడిని చూసినప్పుడు నా చెయ్యి ఆగేది. చివరకు కుదిరిన మధ్యేమార్గం ఇది: పెట్టెలో పడ్డ ప్రతి కాగితం మీద మరుసటి ట్రాక్ డే లోపల ఏం చేశామో రాసి మూసివేయాలి, మూయలేని కాగితం ఒక్కటి ఉన్నా ఆ ట్రాక్ డే జరగదు. ఈ నియమం వల్ల ఒక ట్రాక్ డే రద్దయింది. రద్దు ఖర్చు క్లబ్బు భరించింది.

బీమా సంగతి కూడా సభ్యులకు సూటిగా చెబుతాము. అమెరికాలో చాలా కారు బీమా పాలసీలు రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని మినహాయిస్తాయి, పోటీ కాకపోయినా సరే. ఒక్క రోజుకు విడిగా కొనే ట్రాక్ బీమా సాధారణంగా కారు నష్టానికే, పక్క మనిషి కుటుంబానికి కాదు. ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఒక కార్ల బృందం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాక్‌కు వెళ్లబోతూ నన్ను సలహా అడిగింది. వాళ్లలో చాలామందికి తమ ప్రైవేటు కారు పాలసీలో వ్యవస్థీకృత రేసింగు, వేగ పరీక్షల వంటి వాడకానికి రక్షణ లేదన్న సంగతి తెలియదు. కొందరు మోటార్‌సైకిల్ హెల్మెట్లతో బయలుదేరారు. కార్ల పోటీల హెల్మెట్లకు, వాటిని పరీక్షించే స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్ఏ గుర్తింపులో మంట తట్టుకునే పరీక్ష, రోల్ బార్‌కు (కారు పల్టీ కొడితే కాపాడే లోహపు కడ్డీకి) తగిలే దెబ్బ పరీక్ష ఉంటాయి, మోటార్‌సైకిల్ హెల్మెట్లకు ఇచ్చే ఎం గుర్తింపులో అవి ఉండవు. పిట్ అవుట్ దగ్గర ఎవరు నిలబడతారు, వారికి చివరి మలుపు కనబడుతుందా అని ఆ బృందం పెద్దను అడిగాను. ట్రాక్‌వాళ్లు చూసుకుంటారండీ అన్నాడు. ఫాంటానాలోని 41 అంకె గురించి ఆయనతో గంటసేపు మాట్లాడాను.

మా దగ్గర ఇంకా తేలని సమస్య మధ్యాహ్నం పూట వస్తుంది. ఉదయం పిట్ అవుట్‌లో నిలబడటానికి ఇద్దరు దొరుకుతారు. రెండు గంటలయ్యేసరికి ఎండ, అలసట, ఇంటిదారి. స్వచ్ఛందంగా వచ్చినవారిని ఉండమని ఆజ్ఞాపించలేము. గత సీజను చివరి రెండు ట్రాక్ డేలలో మధ్యాహ్నం సెషన్లకు రెండో మనిషి దొరకక నేనే వెళ్లి నిలబడ్డాను, దాంతో భద్రత బాధ్యుడి కుర్చీ ఖాళీ అయింది. అందుకని వచ్చే సీజను నుంచి ఫీజులో కొంత కేటాయించి, మధ్యాహ్నం పిట్ అవుట్‌కు ఇద్దరు శిక్షణ పొందిన మనుషులను జీతానికి పెడుతున్నాము. రెండు గంటలకు ఇద్దరూ తమ చోట లేకపోతే, ఎన్ని కార్లు వరుసలో ఉన్నా, మూడో సెషను మొదలు కాదు.